సవరణ: యూనివర్సల్ రిమోట్‌ మీద వేసిన నింద

హోమ్ థియేటర్ యూనివర్సల్ రిమోట్ల (అన్ని పరికరాలకీ కలిపి ఒకటే రిమోట్) బటన్ల గురించి ముందు రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి. ఒక్క బటన్‌తో టీవీ, రిసీవర్ (స్పీకర్లకి సౌండ్ పంపే పెట్టె), ప్లేయర్ మూడూ ఆన్ కావాల్సింది పోయి ఒకటి ఆన్ అయి ఇంకోటి ఆఫ్ అవుతోందని, అదంతా రిమోట్ డిజైన్ లోపమేనని రాశాను. కాదు. చాలా పరికరాల్లో పవర్‌కి రిమోట్ పంపే కోడ్ ఒకటే: ఆఫ్‌లో ఉంటే ఆన్ చేస్తుంది, ఆన్‌లో ఉంటే ఆపేస్తుంది. మామూలు ఇన్‌ఫ్రారెడ్ రిమోట్ చెప్పడమే గానీ వినదు, కాబట్టి టీవీ అప్పటికే వెలుగుతోందని దానికి తెలిసే దారి లేదు. ఆన్‌కి, ఆఫ్‌కి విడి కోడ్లున్న పరికరాలతో ఈ తంటా ఉండదు.

చీకట్లో తడిమితే ఏ గుర్తూ తగలదన్నదీ తప్పే. 5 మీద చిన్న బొడిపె ఉంది, నా వేలే ఎప్పుడూ అటు పోలేదు. సినిమా మధ్యలో అంకెలతో పనేముంది? వెతికేది వాల్యూమ్, పాజ్. వాటి మీద ఏమీ లేదు. పైగా పాజ్‌ని ఆనుకునే అదే సైజులో, అదే ఆకారంలో స్టాప్. నిన్న రాత్రి కూడా ఒకటనుకుని ఇంకోటి నొక్కాను, సినిమా మళ్లీ మొదటికొచ్చింది. ఆ ఫిర్యాదు మాత్రం వెనక్కి తీసుకోను.