అడవికి ఎవరూ వెళ్ళడం లేదని మనవి

కర్ణాటక అటవీ శాఖ 2024 అక్టోబరులో 'అరణ్య విహార' అనే వెబ్‌సైటును తెరిచి, ఇకమీదట ఒక్కో కొండదారిలో రోజుకు 300 మందికి మించి నడవరాదనీ, ఆ నడిచేవారు కూడా ముందుగా ఆన్‌లైన్‌లో టికెట్టు కొనుక్కోవాలనీ నిర్ణయించింది. అప్పటినుంచి బెంగళూరులోని తెలుగు యువత, ముఖ్యంగా మారతహళ్ళి, బీటీఎం లేఅవుట్ పీజీలలో నివసించే వర్గం, తీవ్రమైన మనోవేదనలో ఉంది. శుక్రవారం రాత్రి బిర్యానీ తింటూ అనుకుని శనివారం తెల్లవారేసరికి శిఖరం మీద ఉండే హక్కు వారికి తరతరాలుగా కాకపోయినా, కనీసం టెంపో ట్రావెలర్లు అద్దెకు దొరకడం మొదలైన నాటినుంచి ఉన్నది. వారి తరఫున వకాల్తా పుచ్చుకుని ఈ వ్యాసకర్త చేయబోయే వాదన చాలా చిన్నది. పరిమితి పెట్టింది అడవికి వెళ్ళేవారి మీద. మనవాళ్ళెవరూ అడవికి వెళ్ళడం లేదు. కాబట్టి ఆ నిబంధన మనకు వర్తించదు.

సాక్ష్యాలు కావాలంటే ఈ ఆంక్షలకు మూలమైన ఘటననే తీసుకుందాం. 2024లో జనవరి 26 శుక్రవారం నాడు వచ్చింది. మూడు రోజుల సెలవు వరసగా దొరికితే ఐటీ ఉద్యోగికి బెంగళూరులో ఊపిరాడదన్నది జగమెరిగిన సత్యం కనుక, నగరంలోని బళ్ళన్నీ పడమటి కనుమల దారి పట్టాయి. 1712 మీటర్ల ఎత్తున్న కుమార పర్వతం మీద ఒకరి వీపు మరొకరి ముక్కుకు తగిలేంత దగ్గరగా జనం బారులు తీరారు. ఆ దృశ్యాలను రాష్ట్రమంతా ఫోన్లలో చూసింది. అటవీ శాఖ మంత్రి ఈశ్వర్ ఖండ్రే, ఆన్‌లైన్ బుకింగ్ ఏర్పాటు లేని ట్రెక్కింగులన్నిటినీ నిలిపివేయమన్నారు. ఇక్కడే శాఖవారు పొరబడ్డారు. ఆ బారును వారు అడవిలోకి జరిగిన చొరబాటుగా భావించారు. కానీ ఆ బారులో నిలబడినవాడు ఒక్క చెట్టునైనా చూశాడా? అతను చూసినదల్లా ముందువాడి బ్యాగు మీద ఉన్న కంపెనీ లోగోను మాత్రమే. అంగుళం అంగుళం జరుగుతూ, మధ్యలో దూరినవాణ్ణి తిడుతూ, బెంగళూరులో ట్రాఫిక్‌కు పేరుపడ్డ సిల్క్ బోర్డు కూడలిలో సాధన చేసిన సహనాన్నే అక్కడా ప్రదర్శించాడు. అతను బెంగళూరు విడిచి వెళ్ళాడని నిరూపించడానికి ఏ న్యాయస్థానంలోనూ ఆధారం దొరకదు. (ఆ కొండకు ఒకవైపు పాదాల దగ్గర కుక్కే సుబ్రహ్మణ్యం ఉన్నందువల్ల, మనవారిలో కొందరు ఉదయం కింద సర్పదోషానికి శాంతి చేయించుకుని, మధ్యాహ్నం పైన పుష్పగిరి అభయారణ్యంలో అసలు సర్పాల తోక తొక్కి, దోషాన్ని తాజాగా సంపాదించుకుని దిగుతారు. ఇది పుణ్యానికీ విహారానికీ మధ్య సమతూకం కనుక ఆక్షేపించనక్కరలేదు.)

దూరం ఎందుకనుకుంటే చిక్కబళ్ళాపురం దగ్గరి స్కందగిరినే చూడవచ్చు. సూర్యోదయం చూడాలనే తపన ఉన్న మనిషి తన మేడ మీదికి కూడా ఎక్కవచ్చు గానీ, మేడ మీద సూర్యుడికి లైకులు తక్కువ. అందుచేత అర్ధరాత్రి మడివాళలో బండెక్కి, తెల్లవారుజామున కొండ కింద దిగి, నుదుటికి లైటు కట్టుకుని, వీపున బ్యాగుకు బ్లూటూత్ స్పీకర్ తగిలించుకుని బయలుదేరతాడు. స్పీకర్ ఎందుకంటే చీకట్లో జంతువులు రాకుండా ఉండడానికట. అడవికి వచ్చి, అక్కడ ఉండేవి తన దగ్గరికి రాకూడదని ఏర్పాటు చేసుకున్నవాడు అడవికి వచ్చినట్టా, రానట్టా? నాకు తెలిసి ఇంతకంటే బలమైన సాక్ష్యం ఉండదు.

అదే కొండ కింద చెక్‌పోస్టు దగ్గర జరిగిన సంగతి ఒకటి ఇక్కడ నమోదు చేయదగినది. గార్డు ఒక్కొక్కరి బ్యాగులో చెయ్యి పెట్టి బిస్కెట్ పొట్లాలూ, చిప్స్ పొట్లాలూ, నీళ్ళ సీసాలూ బయటికి తీసి లెక్కపెడుతున్నాడు. ఒక బృందం దగ్గర నీళ్ళరంగు కాని ద్రవంతో ఒక సీసా బయటపడింది. బృంద నాయకుడు గొంతు తగ్గించి, "ఒరేయ్, ఈయనకు తెలుగు రాదులే, చేతిలో ఓ రెండొందలు పెట్టు, వదిలేస్తాడు" అని పక్కవాడికి ఉపదేశించాడు. గార్డు తలెత్తకుండానే, "రెండొందలు మీరే ఉంచుకోండప్పా, దిగినాక టిఫనుకి పనికొస్తాయి. ఆ సీసా మాత్రం ఇట్లియ్యండి" అన్నాడు. చిక్కబళ్ళాపురం, కోలారు ప్రాంతాల్లో ఇంటింటా తెలుగు మాట్లాడతారనే విషయం, ఆ ప్రాంతం మీదుగా ఏళ్ళ తరబడి అనంతపురం, కడప బస్సుల్లో ఇంటికి వెళ్ళివస్తున్న మన కుర్రవాళ్ళకు ఆ క్షణందాకా తెలియకపోవడం గమనార్హం. అడవి సంగతి అలా ఉంచండి, వారు చిక్కబళ్ళాపురానికైనా వెళ్ళారనడానికి ఆధారం లేదు.

ఇక చట్టం సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 28వ సెక్షన్, అభయారణ్యంలో అడుగుపెట్టడానికి అనుమతి ఏయే పనులకు ఇవ్వవచ్చో చెబుతుంది. వన్యప్రాణుల అధ్యయనం, ఫోటోలు తీయడం, శాస్త్ర పరిశోధన, పర్యాటకం, అభయారణ్యంలో నివసించేవారితో చట్టబద్ధమైన లావాదేవీ. పుట్టినరోజు కేకు కోయడం, ఆఫీసువారి 'టీమ్ బిల్డింగ్', కాబోయే దంపతుల ప్రీ వెడ్డింగ్ షూట్ వీటిలో దేనికిందికి వస్తాయో చట్టం రాసినవారు స్పష్టం చేయకపోవడం వల్ల పాపం కుర్రకారు ఇబ్బంది పడుతున్నారు. వానాకాలంలో జలగలకు రక్తమిచ్చి వచ్చేవారిని మాత్రం చివరి అంశం కింద నిస్సందేహంగా అనుమతించవచ్చు, ఎందుకంటే జలగ అక్కడి స్థిరనివాసి, లావాదేవీ బహిరంగంగానే జరుగుతుంది.

నెగడు గురించి ఒక మాట. అడవి భూమిలో రాత్రి బసకు అనుమతి దొరకడం అరుదు కనుక, అడవి అంచునున్న కాఫీ తోటల్లో వరసగా గుడారాలు వేసి, 'అడవి ఒడిలో ఒక రాత్రి' అని పేరు పెట్టి అమ్ముతారు. గుడారానికీ గుడారానికీ మధ్య దూరం పీజీలో మంచానికీ మంచానికీ మధ్య ఉన్నంతే. నడుమ నెగడు, దాని పక్కన డీజే. ఇక్కడ మాత్రం వ్యంగ్యాన్ని కాసేపు పక్కన పెట్టక తప్పదు. 2018 మార్చి 11న తమిళనాడులో తేని జిల్లా కురంగణి కొండల్లో రేగిన కార్చిచ్చులో చిక్కుకుని, సెలవుకు కొండ నడవడానికి వెళ్ళినవారు 20 మందికి పైగా చనిపోయారు. వేసవిలో ఎండిన బోదగడ్డి ఎంత వేగంగా అంటుకుంటుందో పశువులు కాసుకునేవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. తమిళనాడు ప్రభుత్వం ఆ ఏడే ట్రెక్కింగుకు నియమావళి తెచ్చింది. కన్నడ దేశంలోని మన బృందాలు మాత్రం ఫిబ్రవరిలో కూడా "నెగడు లేదా? అయితే డబ్బు తగ్గించండి" అని బేరమాడుతున్నాయి.

చెత్త విషయంలో మనవారి మీద వచ్చే ఆరోపణలు పూర్తిగా అన్యాయం. స్వగ్రామానికి ఏదైనా చెయ్యాలనే తపన ప్రతి ప్రవాసికీ ఉంటుంది. పెన్న పుట్టింది నంది కొండల్లో. పాపాఘ్ని పుట్టింది కూడా ఆ చుట్టుపక్కలే, వెలిగల్లు మీదుగా వెళ్ళి కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. కనుక ఆ కొండల మీద తాగి పారేసిన సీసా, వానలు బాగా పడిన ఏడు, కొరియర్ ఖర్చు లేకుండా కడప జిల్లా చూసి, సోమశిలలో కొంతకాలం విశ్రమించి, అదృష్టముంటే నెల్లూరు దాకా ప్రయాణించగలదు. వారం వారం కొడుకు ఫోను చెయ్యడం లేదని బాధపడే నెల్లూరు తల్లిదండ్రులు ఒక్కసారి బ్యారేజీ దగ్గరికి వెళ్ళి చూసుకోవచ్చు.

ఇదే కుర్రవాడు హెచ్‌వన్‌బీ వీసా మీద కాలిఫోర్నియా చేరగానే అతనిలో వచ్చే మార్పు మానవ శాస్త్రజ్ఞులు పరిశోధించవలసినది. అక్కడ యోసెమిటీ పార్కులో హాఫ్ డోమ్ శిఖరానికి ఇనుప తాళ్ళు పట్టుకుని ఎక్కడానికి రోజుకు అనుమతించేది 300 మందినే. విచిత్రంగా అక్కడా అదే అంకె. దానికీ లాటరీ. మనవాడు రుసుము కట్టి, పేరు రాకపోతే కిక్కురుమనకుండా వచ్చే ఏడు మళ్ళీ కడతాడు. అమెరికా జాతీయ అడవుల్లో చాలాచోట్ల 14 రోజుల దాకా పైసా చెల్లించకుండా గుడారం వేసుకోవచ్చు. కానీ తెచ్చిన చెత్తను తానే మోసుకుపోవాలి. బహిర్భూమికి వెళ్ళదలిస్తే నీటికి 200 అడుగుల దూరంలో ఆరంగుళాల లోతు గొయ్యి తవ్వి పూడ్చాలి. అమలాపురంలో అమ్మ చెప్పినా మంచం కింద పళ్ళెం తీయనివాడు, అక్కడ ఆ ఆరంగుళాలనూ చిన్న పారతో కొలిచి మరీ తవ్వుతాడు. తవ్వి, ఫోటో తీసి, బెంగళూరు మిత్రులకు పంపి, "ఇక్కడ రూల్స్ అంటే రూల్సే బ్రో" అంటాడు. డిసెంబరు సెలవులకు ఇండియా వచ్చినప్పుడు "రేంజర్ ఎవరైనా తెలుసా బ్రో, టికెట్లు అయిపోయాయంట" అని అడిగేది కూడా అతనే.

అటవీ పాలకుల పక్షాన కూడా నా వాదనకు గట్టి మద్దతు ఉంది. వారు కూడా మనం అడవికి వెళ్ళడం లేదనే నమ్ముతున్నారు. లేకపోతే కొండమొదట్లో సిమెంటు తోరణం, దాని పక్కన సిమెంటు పులి, దారికి సిమెంటు మెట్లు, శిఖరాన సెల్ఫీ కోసం రంగు కొట్టిన పెద్ద అక్షరాలు ఎందుకు పెడతారు? 300 మందినీ పద్ధతిగా లెక్కపెట్టి లోపలికి పంపుతారు గానీ, ఆ దారి 300 జతల బూట్లను ఎన్నాళ్ళు మోయగలదో, ఏ గూడు ఖాళీ అయిందో, ఎంత మట్టి కొట్టుకుపోయిందో లెక్కపెట్టే ఉద్యోగం ఏదైనా ఉంటే దానికి వేసిన ప్రకటన నా కంట పడలేదు. ఏనుగులు తిరిగే చోటుకూ, పొట్టి గడ్డి తప్ప ఏమీ మొలవని బండరాతి గుట్టకూ ఒకటే అంకె ఎలా సరిపోతుందో గణితం తెలిసినవారు చెప్పాలి. టికెట్టు చించేవాడికి సినిమా హాలయినా ఒకటే, కొండలోయల్లో పెరిగే పచ్చని షోలా అడవి అయినా ఒకటే.

ఈ పరిస్థితుల్లో ప్రభుత్వానికి నా ప్రతిపాదన సమర్పిస్తున్నాను. మనవారు కోరేది ఎత్తు, జనం, పొగ, పాట, మ్యాగీ, ఒక ఫోటో. వీటికోసం పడమటి కనుమలను కష్టపెట్టనక్కరలేదు. రాగిగుడ్డ నుంచి సిల్క్ బోర్డు దాకా కింద రోడ్డు, మధ్యలో ఫ్లైఓవర్, పైన మెట్రోతో రెండంతస్తుల వంతెన ఎలాగూ కట్టి ఉంది. ఆదివారం తెల్లవారుజామున దాని మధ్య అంతస్తును మూసి, ప్రవేశం దగ్గర 'శిఖరం' అని బోర్డు పెట్టాలి. పొగమంచును వాహనాలు ఉచితంగా సరఫరా చేస్తాయి. నడిచేవారి సంఖ్యకు పరిమితి అక్కరలేదు, ఆ దారి అంతకంటే ఎక్కువ రద్దీని రోజూ భరిస్తూనే ఉంది. జలగలను కోరేవారి కోసం మడివాళ చెరువు గట్టున ప్రత్యేక కౌంటరు తెరవవచ్చు. పాల్గొన్నవారందరికీ ఎత్తుతో సహా ధ్రువపత్రం ఇవ్వాలి. బెంగళూరు నగరమే సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది కనుక, అందులో అబద్ధం కూడా ఉండదు.

స్పీకర్ లేకుండా, నీళ్ళు ఇంటినుంచి తెచ్చుకుని, ఒక పిట్ట కోసం అరగంట నిలబడగలమని రాతపూర్వకంగా హామీ ఇచ్చేవారు ఎవరైనా మిగిలితే, వారికి 'అరణ్య విహార'లో టికెట్లు ఇవ్వవచ్చు. 300 నిండుతాయన్న బెంగ శాఖవారికి వద్దు. వంతెన మీది సూర్యోదయానికి మాత్రం ఒక షరతు తప్పనిసరిగా చేర్చాలి. మబ్బు పట్టి సూర్యుడు కనబడని పక్షంలో టికెట్టు డబ్బును, మ్యాగీ ఖర్చు మినహాయించుకుని, ఏడు పనిదినాలలోగా అదే ఖాతాకు తిరిగి జమ చేయాలి. లేకపోతే మనవాళ్ళు సూర్యుడికి ఒక్క నక్షత్రమే రేటింగు ఇచ్చి, కింద ఏమి రాస్తారో నేను పూచీ పడలేను.