హాజరు పట్టీ గారికి రోల్ నంబరు 17 రాయునది

మహారాజశ్రీ పదో తరగతి బి సెక్షన్ హాజరు పట్టీ గారికి రోల్ నంబరు 17 నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మీ అట్ట ఊడిపోతే సర్ బ్రౌన్ టేపు అంటించారని విన్నాను. ఆరోగ్యం జాగ్రత్త.

ఆగస్టు నెలలో నా పేరుకెదురుగా 9 ఎర్ర ‘ఏ’లు పడ్డాయి. తొమ్మిదింటికీ సెలవు చీటీ ఇచ్చాను. తొమ్మిదింటిలోనూ ‘జ్వరం వచ్చినందున’ అనే ఉంది. నాకు ఒక్కరోజు కూడా జ్వరం రాలేదు. మొదట్లో నేను నిజమే రాసుకొచ్చాను. ‘మా తాతగారు పక్క ఊళ్ళో ఒకావిడకు పట్టిన దయ్యమును వదిలించుటకు వెళ్ళుచున్నందునను, వేపమండలు, నిమ్మకాయలు మోయుటకు నేను తప్ప మనిషి లేనందునను, ఒక్కరోజు సెలవు ఇప్పించ ప్రార్థన’ అని. ఒక్క అక్షరదోషం లేదు. సర్ చదివి, చింపి, ‘సరిగ్గా రాసుకురా’ అన్నారు. సరిగ్గా అంటే జ్వరం అని పక్క బెంచీవాడు చెప్పాడు. అప్పట్నుంచీ సరిగ్గానే రాస్తున్నాను.

మా ఊళ్ళో ఎవరికైనా జ్వరం వస్తే ‘గాలి సోకింది’ అంటారు. మీ దగ్గర గాలి పని మీద వెళ్తే ‘జ్వరం’ అనాలి. ఈ రెంటి మధ్య నాకు బుర్ర తిరుగుతోంది. దానికి చీటీ ఎలా రాయాలో ఇంకా ఎవరూ చెప్పలేదు.

మా ఇంటి సంగతి మీకు తెలీదు కదా. మాది హిరమండలం వైపు, వంశధార గట్టున ఒక ఊరు. తాత దయ్యాలు వదిలిస్తాడు. ఆయన కోడలు, అంటే మా అమ్మ, ఆశా కార్యకర్త. నాన్న చెన్నైలో సెంట్రింగ్ పని. తాతా అమ్మా ఒకే అరుగు మీద ప్రాక్టీసు పెట్టారు. తాతది తూర్పు చివర, అమ్మది పడమటి చివర. మధ్యలో నేను, నా సైన్సు పుస్తకం.

వణుకుతూ ఎవరైనా వస్తారు. తాత ఎదురుగా కూర్చోబెట్టుకుని వేపమండ తీస్తాడు. ఈలోగా అమ్మ మలేరియా కిట్టు పట్టుకొచ్చి, వేలు పొడిచి, రక్తపు చుక్క వేసి, మందు చుక్కలు వేస్తుంది. గీతలు తేలడానికి 15 నిమిషాలు పడుతుంది. తాత మంత్రం అసలు మూడు నిమిషాలదే. అమ్మ ఆశాగా చేరాక అది 15 నిమిషాలకు పెరిగింది. ఫోన్లో టైమ్ చూసి దగ్గడం నా ఉద్యోగం. నేను దగ్గితే తాత ఆపుతాడు, అమ్మ కిట్టు చూస్తుంది. గీత ఒకటే ఉంటే ‘పైగాలి’ అంటాడు తాత. అప్పుడు ఇంకేం రోగమో చూడమని అమ్మ పెద్దాసుపత్రికి పంపుతుంది. రెండో గీత పడితే ‘నెత్తుటి గాలి’.

ఆ నెత్తుటి గాలుల్లో వైవాక్స్ అని ఒకటుంది. జ్వరం తగ్గాక కూడా కాలేయంలో దాక్కుని, కొన్నాళ్ళకు మళ్ళీ లేస్తుంది. దానికి ప్రైమాక్విన్ మాత్ర 14 రోజులు వేసుకోవాలి. మూడో రోజుకు ఒళ్ళు చల్లబడగానే జనం మిగతా మాత్రలు చూరులో దోపేస్తారు. అమ్మ ఎన్ని ఊళ్ళు తిరిగి ఎంత మొత్తుకున్నా అంతే. ఆమె గోడు విని విని తాత ఒకరోజు నల్లతాడుకి 14 ముడులు వేసి రోగి మెడలో కట్టాడు. రోజుకొక మాత్ర మింగి ఒక ముడి విప్పాలి. ముడి మిగిలితే గాలి తిరిగొస్తుంది. మాత్ర మానేయడానికి ఎవరికీ భయం లేదు గానీ, మెడలో ముడి ఉంచుకుని పడుకునే ధైర్యం మా మండలంలో ఎవరికీ లేదు. ‘దాక్కుని మళ్లీ వొచ్చిందాన్ని దెయ్యం అనక ఏటంటారే?’ అంటాడు తాత. అమ్మ దగ్గర జవాబు లేదు. నా సైన్సు పుస్తకంలోనూ లేదు.

నిజం దయ్యాలు కూడా వస్తాయి. మొన్నొక కొత్తకోడల్ని తీసుకొచ్చారు. నెల్లాళ్ళుగా మాట లేదు, తిండి లేదు. ‘నువ్వెవరివో పేరు చెప్పు’ అని తాత గద్దించాడు. ఆ అమ్మాయి తన అత్త పేరు చెప్పింది. అత్త పక్కనే ఉంది.

రిజర్వాయరు కింద ఊళ్ళు ఖాళీ చేయించినప్పుడు అక్కడి దయ్యాలకు ప్యాకేజీ ఇచ్చారా, లేక మనతోపాటు కాలనీకి వచ్చేశాయా అని అడగడానికి వచ్చినవాళ్ళూ ఉన్నారు. తాత సీరియస్‌గానే ఆలోచించాడు.

2022 ఏప్రిల్‌లో సరుబుజ్జిలి మండలం వెన్నెలవలసలో జ్వరాలతో కొందరు చనిపోతే, దుష్టశక్తుల పనేనని ఊరి చుట్టూ కంచె కట్టేసుకున్నారు కదా. బయటివాళ్ళు రాకూడదు, లోపలివాళ్ళు పోకూడదు. పంతుళ్ళను కూడా వెనక్కి పంపేశారు. నేనప్పుడు ఆరో తరగతి. ‘కంచెకి దోమ ఆగుద్దా మావా?’ అంది అమ్మ. ‘దోమ మాట దేవుడెరుగు, జొరం వొచ్చినోడు ఆసుపత్రికి ఏ దారిన ఎల్తాడు?’ అన్నాడు తాత. ఆయనకు కోపం వస్తే అమ్మ మాటే మాట్లాడతాడు. ఆ రోజుల్లో ఆ ఊరి బళ్ళో మీ తమ్ముడుగారి పేజీలో ఏం రాశారో మీరే కనుక్కోవాలి.

మనలో మన మాట, మీతో నా అసలు తగువు వేరే. మొన్న సైన్సు క్లాసులో మలేరియా వచ్చింది. 1897లో రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమ పొట్ట కోసి క్రిమిని పట్టుకున్నాడని సర్ చెప్పారు. నేను లేచి, ‘మలేరియా అంటే ఇటలీ భాషలో చెడ్డగాలి అట కదా సర్, మా తాత కూడా గాలనే అంటాడు’ అన్నాను. పీరియడ్ అయ్యేదాకా గుమ్మం బయట నిలబెట్టారు. పాఠం సగం వినపడలేదు. మీ లెక్కలో మాత్రం ఆ రోజు నేను హాజరు.

సరే, నేనంటే ఒంట్లో ప్రాణం ఉన్నవాణ్ణి. 6, 22, 31 నంబర్ల సంగతేంటి? వాళ్ళు సంక్రాంతికి వచ్చిన అమ్మానాన్నలతో కనుమ దాటగానే రైలెక్కేశారు. ఇద్దరు హైదరాబాదు, ఒకడు చెన్నై. మా ఊరి చింతతోపులో దయ్యాలు అమావాస్యకొకసారి, అదీ అర్ధరాత్రి కనిపిస్తాయి. మీ దగ్గర పొద్దున్నే ప్రార్థన అవగానే ముగ్గురూ వరసగా హాజరు. మధ్యాహ్నం భోజనం లెక్కలో గుడ్డు కూడా తింటున్నారు. ఉండబట్టలేక తాతకు చెప్పాను.

‘ఏటి తింటాయిరా అవి?’

‘గుడ్లు తాతా.’

‘మరైతే నా వల్ల కాదు. తిండి దొరికిన కాడ దెయ్యం కదల్దు.’

22వాడు మా నాన్న దగ్గరే సెంట్రింగ్ పలకలు మోస్తున్నాడు. రోజూ సాయంత్రం ఫోన్ చేస్తాడు. ‘ఈరోజు నేనొచ్చానా?’ అంటాడు. ‘వచ్చావురా, గుడ్డు కూడా తిన్నావు’ అంటాను. ఇద్దరం నవ్వుకుంటాం. హాజరు తక్కువైతే హాల్ టికెట్ ఆపేస్తామని సర్ క్లాసులో అన్నది నన్ను చూసే. వాడికి ఆ టెన్షన్ లేదు.

ఇదంతా నిన్న రాత్రి సగం రాసి ఆపాను. చలి మొదలైంది. తెల్లారి అమ్మ నా వేలే పొడిచింది. టైమ్ చూసే నేనే దుప్పట్లో ఉంటే దగ్గేదెవరు? తాత మంత్రం 25 నిమిషాలు సాగింది. ఇప్పుడు నా మెడలో తాడుంది. ముడులు రెండుసార్లు లెక్కపెట్టాను, 14.

చీటీ రాయడానికి కూర్చుంటే చెయ్యి ఆడలేదు. జ్వరం అని ఇప్పటికే తొమ్మిదిసార్లు రాసేశాను. అందుకని ‘గాలి సోకినందున’ అని రాశాను. అమ్మ సంతకం పెట్టింది, తాత వేలిముద్ర వేశాడు.

చిత్తగించవలెను.

ఇట్లు,
రోల్ నంబరు 17

తా.క.: 22వాడు ఇప్పుడే ఫోన్ చేశాడు. ఈరోజు తను వచ్చాడో లేదో అడుగుతున్నాడు. నేను బడికి రాలేదు కాబట్టి నాకు తెలీదు. మీరు తెలియజేయగలరు.