తినొద్దన్నారు, తాగొద్దనలేదు

పాకాల దగ్గరి పల్లెలో ఉండే మా మేనత్తకు పిత్తాశయంలో రాళ్ళున్నాయని తేలితే తిరుపతిలో ఒక ఆసుపత్రిలో చేర్చాం. మర్నాడు ఉదయం తొమ్మిదింటికి ఆపరేషన్ అనగా, రాత్రి పది దాటాక ఏమీ తినకూడదని నర్సు ముందుగానే చెప్పింది. అత్త తల ఊపింది, పక్కనే ఉన్న నేనూ ఊపాను. తెల్లవారి అయిదింటికి ఆమె అలవాటు కొద్దీ మజ్జిగ కలిపిన రాగి అంబలి ఒక చెంబుడు తాగింది. థియేటరుకు తీసుకెళ్ళే ముందు అడిగితే ఒక్క మెతుకు ముట్టలేదని చెప్పింది, అది అక్షరాలా నిజం. మంచం కింద చెంబు చూసి ఇంకో నర్సుకు అనుమానం రాబట్టి సరిపోయింది. ఆపరేషన్ మరుసటి రోజుకు వాయిదా పడింది. అందరూ తననే తప్పుపడుతుంటే అత్త ఎదురు తిరిగింది: ‘నేను యాడ తింటి? తాగితి గదా!’

ఆమె తర్కంలో లోపం లేదు. తెలుగులో తినడం వేరు, తాగడం వేరు. మత్తు ఇచ్చే వైద్యుల లెక్కలో ఆ విభజన మరోలా ఉంటుంది. మత్తులో ఉన్నప్పుడు కడుపులోనిది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం కాబట్టి, మంచినీళ్ళవంటి తేట ద్రవాలను రెండు గంటల ముందు, తేలికపాటి ఆహారాన్ని ఆరు గంటల ముందు ఆపమంటారు. పాలు కలిసిన కాఫీ కూడా ఆహారం కిందికే వస్తుంది. నర్సు కేస్‌షీటులో చూసింది ‘ఎన్‌పీఓ’ అనే మూడక్షరాలు, అంటే నోటి ద్వారా ఏదీ వద్దని. దాన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు ‘తినొద్దు’ అన్న ఒక్క మాటే మిగిలి, ‘తాగొద్దు’ జారిపోయింది. చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో ‘అన్నం తిన్నావా’ అన్న ప్రశ్నకూ ఇదే చిక్కుంది. సంగటి ముద్ద తిని కూర్చున్న మనిషి కూడా లేదనే చెప్పవచ్చు, ఎందుకంటే తిన్నది సంగటి, అన్నం కాదు. ఇన్సులిన్ సూది వేసే ముందు ఆ జవాబును నమ్మడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు.

నర్సులకూ రోగులకూ మధ్య అడ్డుగోడ అనగానే మనకు ముందుగా గుర్తొచ్చేది భాష తెలియకపోవడం. తిరుపతిలో అది ఉన్నమాటే. ఇక్కడి పెద్దాసుపత్రులు రుయాకు, స్విమ్స్‌కు తిరుత్తణి వైపు నుంచి తమిళులు వస్తారు, కొండకు వచ్చి జబ్బుపడిన ఉత్తరాది యాత్రికులు వస్తారు. ఇటు చిత్తూరు వాళ్ళు తమిళనాడులోని వేలూరు సీఎంసీ ఆసుపత్రికి పోయి తమిళ నర్సులతో నెగ్గుకొస్తారు. అయితే భాష రాదని తెలిసిన చోట ఇద్దరూ జాగ్రత్తపడతారు, సైగ చేస్తారు, మళ్ళీ అడుగుతారు, తెలిసిన వాళ్ళను పిలుస్తారు. ఇద్దరిదీ తెలుగే అయిన చోట ఆ జాగ్రత్త ఉండదు. నా అనుమానమంతా ఈ రెండో చోటి మీదే.

వార్డులో తరచుగా వినబడే ప్రశ్న ‘అర్థమైందా?’. దానికి మన దగ్గర ఒకే జవాబుంది. తెల్లకోటు ముందు, యూనిఫారం ముందు కాలేదని చెప్పడం మర్యాద తక్కువ అనుకునే మనుషులం. కాబట్టి ‘ఆఁ, అయింది మా’ అంటే విన్నానని, మీ పని మీరు చూసుకోండని మాత్రమే లెక్క. ‘బీపీ ఉందా పెద్దాయనా?’ అంటే, ‘లేదు, మాత్ర వేసుకుంటా ఉండా’ అనే వాళ్ళు ఎందరో. మాత్రతో అదుపులో ఉన్న జబ్బు ఆయన దృష్టిలో లేని జబ్బే. నొప్పి సంగతి మరీ సున్నితం. పోటు, సలుపు, తీపు, మంట, గుంజడం, ఇవన్నీ వేర్వేరు బాధలు, వైద్యుడికి వేర్వేరు ఆనవాళ్ళు. సున్నా నుంచి పది దాకా నొప్పి ఎంతో చెప్పమని అంకెల కొలత పట్టే సరికి ఆ తేడాలన్నీ ఒక్క ‘ఏడు’లో కలిసిపోతాయి. (మా సీమలో ‘నొస్తాంది’ అంటాం. తమిళుల ‘నోవు’ దానికి చుట్టమే, అందుకే సరిహద్దు ఊళ్ళ నర్సులకు ఆ మాట చటుక్కున పడుతుంది.)

పిలుపు కూడా తక్కువ విషయం కాదు. ‘అవ్వా, నువ్వు’ అంటే ఇక్కడ ఎవరూ నొచ్చుకోరు, అందులో చనువుంది. ‘పద్నాలుగో బెడ్డు, నీకే చెప్పేది’ అన్నప్పుడు అదే ‘నువ్వు’ గుచ్చుకుంటుంది, ఆ మనిషి ఇక తనంతట తాను ఏదీ చెప్పదు. ఆపైన, నర్సు చాలాసార్లు మాట్లాడేది రోగితో కాదు, తోడొచ్చిన అటెండరుతో. పగలు కొడుకుంటాడు, రాత్రికి కోడలు వస్తుంది, కొడుకు విన్నది కోడలికి చేరిందా అని అడిగే వాళ్ళుండరు.

ఇదంతా నర్సుల నిర్లక్ష్యమని రాసేస్తే నా పని తేలిక, కానీ అన్యాయం. బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు, సాధారణ ఆసుపత్రిలో అయిదుగురికి ఒక నర్సు ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. రాత్రి డ్యూటీలో ఒక్కరే వార్డంతా చూసుకునే చోట ఆ అంకెలు చదివితే నవ్వొస్తుంది. అంతకన్నా ముఖ్యం, కేస్‌షీటులో సూది వేసిన వేళకు గడి ఉంది, జ్వరానికీ బీపీకీ గడులున్నాయి, కింద సంతకానికి చోటుంది. రోగికి చెప్పి, అతని నోట తిరిగి విన్నందుకు గడి లేదు. గడి లేని పనిని పనిగా ఎవరూ లెక్కించరు, మనుషులు చాలనప్పుడు ముందుగా ఎగిరిపోయేదీ అదే. చదువులోనూ ఇదే తంతు. నాలుగేళ్ళ బీఎస్సీ నర్సింగ్‌లో మొదటి సెమిస్టరులోనే కమ్యూనికేటివ్ ఇంగ్లీష్ ఉంటుంది. విదేశాలకు వెళ్ళే పిల్లలకు అది అవసరమే, కాదనను. కానీ పాకాల అవ్వ కడుపునొప్పిని ఏ మాటల్లో చెబుతుందో మాత్రం నర్సు వార్డులోనే, తప్పులు చేస్తూ నేర్చుకోవాలి.

చేయదగిన పని పెద్దదేమీ కాదు, చెప్పింది రోగి చేత తిరిగి చెప్పించుకోవడమే. కొత్త సంగతి కూడా కాదు, వైద్య ప్రపంచానికి బాగా తెలిసిన పద్ధతే. దానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలను డ్యూటీలో భాగంగా లెక్కగట్టి, కేస్‌షీటులో ఒక గడి ఇవ్వాల్సింది ఆసుపత్రి యాజమాన్యం. నర్సు ఓపిక మీద వదిలేస్తే అది ఒకరి మంచితనంగానే ఉండిపోతుంది.

అత్తను డిశ్చార్జి చేసిన రోజు, చెంబు కనిపెట్టిన ఆ నర్సే మందుల కవర్లు తెచ్చింది. కాగితం మీద 1-0-1 అని ఇంగ్లీషులో ఉంది. ‘ఇంటికి పోయినాక ఎట్ల వేసుకుంటావో నువ్వే చెప్పవ్వా, నేను వింటా’ అంది. ‘పొద్దన ఒకటి, రాత్రి ఒకటి, సంగటి తిన్నాక’ అని అత్త సరిగ్గానే మొదలుపెట్టి, చివర ‘నొప్పి లేనిదినం ఎందుకులే, ఆ పొద్దు వేసుకోను’ అంది. నర్సు స్టూలు లాక్కుని కూర్చుని, ఆ కవరు మళ్ళీ విప్పింది.