కొలతల జాడ్యం

కారు ఇంజన్‌కు కొత్త క్యామ్‌షాఫ్ట్‌లు (వాల్వులను తెరిచే ఉబ్బెత్తుల కడ్డీలు) వేసుకునేవాళ్లకు ఈమధ్య ఒక జాడ్యం పట్టుకుంది. డయల్ గేజి, డిగ్రీ వీల్, ఫీలర్ గేజి ముందేసుకుని పూటల తరబడి కొలుస్తూ కూర్చుంటున్నారు. వేగప్రియులందరూ దీన్ని ముక్తకంఠంతో ఖండించాలి.

అసలు పెద్ద క్యామ్ (వాల్వులను ఎక్కువగా, ఎక్కువసేపు తెరిచేది) కొనేది దేనికి? బండి నిలబడి ఉన్నా ఇంజన్ గుడగుడలాడాలని. ఆ గుడగుడ ఓవర్‌ల్యాప్ పుణ్యం. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కాసేపు కలిసి తెరుచుకుని ఉంటాయి. ఐడిల్‌లో (బండి నిలబడి ఇంజన్ మెల్లగా తిరిగేటప్పుడు) కాలిన గ్యాస్ వెనక్కి తన్ని కొత్త మిశ్రమాన్ని పాడుచేస్తుంది. అంటే డబ్బు పోసి కొనుక్కుంటున్నది ఇంజన్‌కు అజీర్తి. దాంతోపాటు మానిఫోల్డ్ వ్యాక్యూమ్ (ఇంజన్ గాలి పీల్చే గొట్టాల్లోని పీల్పు) పడిపోయి, దాని మీదే పనిచేసే బ్రేక్ బూస్టర్ నీరసిస్తుంది, పెడల్ బిగుసుకుపోతుంది. కాలికి వ్యాయామం ఉచితం.

ఇక వాల్వులను మూసే స్ప్రింగుల సంగతి. పాత స్ప్రింగులే చాలనే వర్గం ఒకటుంది, దాని పొదుపును మెచ్చుకోవాలి. అవి పాత క్యామ్ లిఫ్ట్‌కు (వాల్వును తెరిచే ఎత్తుకు), పాత రెడ్‌లైన్‌కు (ఇంజన్ గరిష్ఠ వేగానికి) చేసినవి. ఆర్‌పీఎం పెరిగేకొద్దీ, లోబ్ (క్యామ్ మీది ఉబ్బెత్తు) వెనకే వాల్వును తిరిగి సీటుకు లాగలేక స్ప్రింగు చేతులెత్తేస్తుంది. వాల్వు గాల్లో తేలుతుంది, సీటు మీద పడి ఎగురుతుంది, ఈలోగా కింది నుంచి పిస్టన్ వస్తుంది. దొరికిన వాటిలో అన్నిటికంటే గట్టి స్ప్రింగే వేసెయ్యాలనేది ఎదుటి వర్గం. లోబ్, దాని తోపును వాల్వుకు అందించే ట్యాపెట్ అరిగిపోతే మళ్లీ షాపింగ్ చేసుకోవచ్చుగా.

నిజానికి ఈ జాడ్యమంతా ఇన్‌స్టాల్డ్ హైట్ దగ్గర మొదలవుతుంది. వాల్వు మూసి ఉన్నప్పుడు స్ప్రింగు ఎత్తు 40 మి.మీ. అనుకోండి, చుట్లన్నీ ఆనుకుపోయే కాయిల్ బైండ్ ఎత్తు 27.5. క్యామ్ లిఫ్ట్ వాల్వు దగ్గర 11 అయితే స్ప్రింగు 29 దగ్గర ఆగుతుంది. మిగిలింది 1.5 మి.మీ. కొలతల భక్తులు అక్కడ ఊపిరి పీల్చుకుంటారు. లిఫ్ట్ 12 అయితే మిగిలేది 0.5. పైగా సీటు ప్రెషర్ (వాల్వును మూసి ఉంచే ఒత్తిడి) చాలలేదని స్ప్రింగు అడుగున 0.5 షిమ్ము (పల్చటి బిళ్ల) కూడా వేస్తే మిగిలేది సున్నా. స్ప్రింగు అక్కడితో స్ప్రింగు కాకుండా పోయి ఇనుప గొట్టమవుతుంది. ఇక వంగాల్సింది వాల్వును నొక్కే రాకర్, అరగాల్సింది లోబ్, ఎగరాల్సింది వాల్వును స్ప్రింగుకు పట్టి ఉంచే లాకులు. లాకు ఎగిరితే వాల్వు సిలిండర్లోకి దిగుతుంది. ఇది చాలదన్నట్టు ఫుల్ లిఫ్ట్‌లో రిటైనర్ (స్ప్రింగు పైమూత) అడుగుకూ, ఆయిల్ లోపలికి దిగకుండా ఆపే వాల్వ్ సీల్‌కూ మధ్య కనీసం 1.25 మి.మీ. ఖాళీ ఉండాలట. సీలు నలిగి పొగ వస్తేనే కదా మనం క్యామ్ మార్చినట్టు నలుగురికీ తెలిసేది!

హెడ్ (సిలిండర్ల పైమూత) విప్పకుండా స్ప్రింగు మార్చేటప్పుడు సిలిండర్‌ను టీడీసీకి (పిస్టన్ పైకొసకు చేరే స్థానానికి) తెచ్చి, ప్లగ్గు రంధ్రంలోంచి గాలి నింపి వాల్వును పైకి ఆపుతారు. టీడీసీకి కాస్త అటూ ఇటూ ఉంటే ఆ గాలికి క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) గిర్రున తిరుగుతుంది. బోల్టు మీద మర్చిపోయిన స్పానర్ కూడా తిరుగుతుంది. ఆయిల్ దిగే రంధ్రాల్లో గుడ్డ కుక్కకపోతే రెండు లాకుల్లో ఒకటి తప్పకుండా ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే సంప్‌లోకి వెళ్తుంది. దాన్ని వెతికేటప్పుడైనా సంప్ శుభ్రపడుతుంది.

పిస్టన్‌కూ వాల్వుకూ మధ్య ఖాళీ చూడటానికి మట్టి ముద్ద పెట్టడం మరీ విడ్డూరం. పిస్టన్ మీద వాల్వు పాకెట్లలో మోడలింగ్ క్లే అద్ది, వాల్వుకు నూనె రాసి, వాడేసిన గాస్కెట్‌తో హెడ్ బిగించి, చేత్తో రెండు చుట్లు తిప్పి, మళ్లీ హెడ్ విప్పి, బ్లేడుతో కోసి మందం కొలుస్తారు. ఇన్‌టేక్‌కు 2, ఎగ్జాస్ట్‌కు 2.5 మి.మీ. లేకపోతే పని ఆపేస్తారు. ఫుల్ లిఫ్ట్‌లో చూసి నిశ్చింతగా ఉండేవాళ్లే నయం. అప్పుడు పిస్టన్ ఎక్కడో కింద ఉంటుంది మరి. అసలు తగిలేది టీడీసీకి సుమారు 10 డిగ్రీల ముందు ఎగ్జాస్టూ, 10 డిగ్రీల తర్వాత ఇన్‌టేకూ. ఆయిల్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ ట్యాపెట్‌తో కొలిస్తే అది నొక్కుకుపోయి ఖాళీ ఎక్కువ చూపిస్తుంది. అందుకని సాలిడ్ ట్యాపెట్ పెట్టి మరీ కొలుస్తారు. ట్యాపెట్ మన మనసు నొప్పించకుండా ఒక మంచి మాట చెప్తుంటే వినరు.

క్యామ్‌ను హెడ్‌కు బిగించి ఉంచే క్యామ్ క్యాపుల మీద నంబర్లు, బాణాలు అలంకారానికే అనుకోండి. మాన్యువల్ వరసలో ఒక్కో బోల్టూ అర చుట్టు చొప్పున వదలడం పిరికితనం. ఒక కొసనుంచి పూర్తిగా విప్పేస్తే స్ప్రింగుల ఒత్తిడికి పోత ఇనుప క్యామ్ రెండు ముక్కలవుతుంది. ఎలాగూ మార్చేదే కదా పాతది. ఇబ్బందల్లా కొత్తది బిగించేటప్పుడూ అదే ఒత్తిడి ఉండటం.

ఫ్లాట్ ట్యాపెట్ (చదును అడుగుతో లోబ్ మీద రాసుకునేది) ఇంజన్ల బాధ వేరు. కొత్త క్యామ్‌కు కొత్త ట్యాపెట్లు, లోబులకు మాలీ పేస్టు (అరగకుండా పూసే మాలిబ్డినం జిడ్డు), జింకు ఉన్న ఆయిలు కావాలి. మొదటి స్టార్ట్‌లో ఐడిల్‌కు దింపకుండా 2000-2500 ఆర్‌పీఎంలో 20 నిమిషాలు నడపాలి. డబుల్ స్ప్రింగయితే ఆ 20 నిమిషాలకూ లోపలి స్ప్రింగు తీసేసి, తర్వాత మళ్లీ వెయ్యాలి. ఇంత ఓపిక ఎవరికుంది? గుడగుడ వినాలని ఆత్రపడి ఐడిల్‌లో వదిలేస్తే లోబ్ చదునై, దాని రజను ఆయిల్ ఫిల్టర్లో తళతళలాడుతుంది.

ఇంతా అయ్యాక, టైమింగ్ మార్కులు కుదిరినా, చేత్తో క్రాంక్‌ను రెండు చుట్లు తిప్పి మళ్లీ చూసుకోవాలట. క్రాంక్ రెండు తిరిగితేగాని క్యామ్ ఒకటి తిరగదని ఆ చాదస్తం. మధ్యలో ఎక్కడైనా గట్టిగా తగిలితే అక్కడే ఆపి, బెల్టు తీసి మొదటికి రావాలి. స్టార్టర్ మోటారుకు ఇలాంటి సందేహాలేవీ రావు.