గిరాకీ మనది, గిట్టుబాటు ఎవరిది?

2025 ఆగస్టులో దక్షిణ కొరియాలోని పది పెట్రోకెమికల్ కంపెనీలు తమ ప్రభుత్వం ముందు కూర్చుని, నాఫ్తా క్రాకర్ల (ముడిచమురు నుంచి వచ్చే నాఫ్తాను బాగా వేడిచేసి ప్లాస్టిక్‌కు కావాల్సిన రసాయనాలుగా విడగొట్టే ప్లాంట్ల) సామర్థ్యంలో ఏడాదికి 27–37 లక్షల టన్నుల మేర కోత పెట్టుకుంటామని ఒప్పుకున్నాయి. అంతకు ముందు ఏడాదే ఎక్సాన్‌మొబిల్ ఫ్రాన్స్‌లోని గ్రావెన్షాన్‌లో తన క్రాకర్‌ను ఆపేసింది. జర్మనీలోని బోలెన్ క్రాకర్‌ను 2027లో మూసేస్తామని డౌ కంపెనీ చెప్పింది. సరిగ్గా ఇదే కాలంలో మన దేశం కొత్త క్రాకర్లకు పునాదులు వేస్తోంది. మధ్యప్రదేశ్‌లోని బీనాలో 49 వేల కోట్ల రూపాయల విస్తరణకు 2023 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగింది. అదే ఏడాది పంజాబ్‌లోని బఠిండాలో 12 లక్షల టన్నుల క్రాకర్ పని మొదలుపెట్టింది. మన ఆంధ్రప్రదేశ్ తీరంలోని రామాయపట్నంలో రిఫైనరీ, పెట్రోకెమికల్ సముదాయం సన్నాహక పనుల కోసం 6,100 కోట్ల రూపాయలు ఖర్చు పెట్టేందుకు 2024 డిసెంబరులో ప్రభుత్వ చమురు సంస్థ బీపీసీఎల్ బోర్డు ఒప్పుకుంది. మిగతావాళ్లు దుకాణం సర్దేస్తున్న చోట మనం కొత్తగా తలుపులు తెరుస్తున్నామా అన్న సందేహం ఎవరికైనా వస్తుంది.

కట్టడం తప్పు కాదు. ఈ విషయంలో మాకు అనుమానం లేదు. మన దేశంలో మనిషికి ఏడాదికి వాడే ప్లాస్టిక్ ప్రపంచ సగటులో సుమారు మూడో వంతు మాత్రమే. ఇంటింటికీ కుళాయి నీళ్లంటే పీవీసీ పైపు కావాలి. బిందు సేద్యమంటే పాలిఇథిలీన్ గొట్టం కావాలి. సెలైన్ సీసా, సిరంజి, ఎరువుల బస్తా, కారు బంపరు, చీర నేసే పాలిస్టర్ దారం, అన్నీ ఆ క్రాకర్ కొలిమి నుంచి వచ్చేవే. మనం వాడే పీవీసీలో సగానికి పైగా ఇప్పటికీ దిగుమతే. 2018లో అంతర్జాతీయ ఇంధన సంస్థ వేసిన అంచనా ప్రకారం 2030 వరకూ ప్రపంచ చమురు గిరాకీలో పెరిగే దానిలో మూడో వంతుకు పైగా పెట్రోకెమికల్స్ వల్లే పెరుగుతుంది. ఏటా 25 కోట్ల టన్నులకు పైగా ముడిచమురు శుద్ధి చేయగల మన రిఫైనరీలకు ఇదొక భరోసా. విద్యుత్ వాహనాలు పెరిగి పెట్రోలు అమ్మకాలు నెమ్మదిస్తే వాటికి మరో దారి ఉండాలి కదా.

అందుకే మన మార్కెట్ భవిష్యత్తు గురించి మాట్లాడేవాళ్లు ఎవరైనా గిరాకీ లెక్కతోనే మొదలుపెడతారు. చాలామంది అక్కడే ఆగిపోతారు కూడా. మా టెన్షన్ అంతా అక్కడే. గిరాకీ ఉన్నంత మాత్రాన లాభం ఉండదు. కొరియాలో మూతపడబోయే క్రాకర్ల సరకుకు కూడా కొనేవాళ్లు ఉన్నారు. వాటికి దొరకనిది కొనుగోలుదారు కాదు, గిట్టుబాటు ధర.

ఇథిలీన్ అనేది ఈ పరిశ్రమ మొత్తానికి పునాదిరాయి. దాన్ని నాఫ్తా నుంచి తీయవచ్చు, ఈథేన్ వాయువు నుంచీ తీయవచ్చు. టన్ను ఇథిలీన్ రావాలంటే నాఫ్తా మూడు టన్నులకు పైనే పట్టాలి. ఈథేన్ అయితే టన్నుంపావు, కాస్త అటూ ఇటూ చాలు. నాఫ్తాలో ప్రొపిలీన్, బ్యూటడయీన్, బెంజీన్ లాంటి ఉప ఉత్పత్తులు కూడా వస్తాయి కాబట్టి ఆ మిగతా టన్నులు వృథా అనలేం. అయినా అమెరికా షేల్ బావుల నుంచి, గల్ఫ్ దేశాల క్షేత్రాల నుంచి వచ్చే చవక ఈథేన్‌తో నాఫ్తా పోటీపడటం కష్టం. ఆసియాలో నాఫ్తా ధరకు, ఇథిలీన్ ధరకు మధ్య టన్నుకు కనీసం 250 డాలర్ల తేడా ఉంటేగానీ క్రాకర్ నడిపినందుకు ఫలితం ఉండదంటారు. 2022 తర్వాత ఆ తేడా చాలాసార్లు అంతకన్నా కిందికి జారింది. ఒకప్పుడు అందరి సరకూ కొన్న చైనా ఈ దశకంలో వరసగా తన సొంత ప్లాంట్లు కట్టుకుంది. దాంతో కొరియా, జపాన్, ఆగ్నేయాసియా సరకు మరో మార్కెట్ వెతుక్కోవాల్సి వచ్చింది. ఇంకా పెరుగుతున్న పెద్ద మార్కెట్ మనదే. వాళ్ల చూపు మన రేవుల మీద పడటంలో వింత లేదు.

ముడిసరకును ముందే సరిచూసుకున్నవాళ్లు ఈ కష్టకాలంలోనూ నిలబడ్డారు. జామ్‌నగర్‌లో రిలయన్స్ రిఫైనరీలో మిగిలే వాయువులతో నడిచే క్రాకర్ కట్టుకుంది. 2017 నుంచి ఆరు భారీ ఓడల్లో అమెరికా ఈథేన్‌ను గుజరాత్ తీరానికి తెచ్చుకుంటోంది. అంత పెద్ద ఈథేన్ ఓడలు ప్రపంచంలో అంతకుముందు లేవు. అయితే దీనికీ ఓ లోటు ఉంది. 2025 వేసవిలో వాణిజ్య తగవు ముదిరినప్పుడు చైనాకు ఈథేన్ పంపాలంటే లైసెన్సు ఉండాలని అమెరికా కొన్ని వారాలు అడ్డం పడింది. జులైలో ఆ ఆంక్ష ఎత్తేసింది. ఒకే దేశం మీద ఆధారపడితే ఏమవుతుందో ఆ కొన్ని వారాల్లో అందరికీ తెలిసింది.

ముడిసరకు విషయంలో అదృష్టం మీద ఆధారపడితే ఏమవుతుందో చెప్పడానికి గుజరాత్‌లోని దహేజ్ చాలు. ప్రభుత్వ రంగ సంస్థ ఓఎన్‌జీసీ ముందుండి కట్టిన ఓపాల్ పెట్రోకెమికల్ సముదాయం 2017లో మొదలైంది. ఏడాదికి 11 లక్షల టన్నుల ఇథిలీన్ సామర్థ్యం ఉంది, సరకుకు దేశంలోనే గిరాకీ ఉంది. కానీ కట్టడంలో ఆలస్యాలు, పెరిగిన ఖర్చు, దానితో పాటు పెరిగిన అప్పు, వడ్డీ కలిసి దాన్ని నష్టాల్లో ముంచాయి. అప్పట్లో ప్రత్యేక ఆర్థిక మండలిలో ఉండటంతో దేశీయ మార్కెట్లో అమ్మేటప్పుడు సుంకం భారం అదనంగా పడింది. చివరికి 2024లో కేంద్రం అనుమతితో ఓఎన్‌జీసీ 18,365 కోట్ల రూపాయలు పోసి దాన్ని దాదాపు పూర్తిగా తన చేతిలోకి తీసుకోవాల్సి వచ్చింది. ఇది ప్రజల సొమ్ము. ఇంకో చిక్కు కూడా ముందుంది. ఆ క్రాకర్‌కు కావాల్సిన ఈథేన్, ప్రొపేన్‌లో కొంత ఖతార్ నుంచి వచ్చే ద్రవ సహజవాయువు నుంచే వేరుచేసి తీసుకునేవారు. ఏటా 75 లక్షల టన్నుల ఆ ఒప్పందాన్ని 2028 నుంచి మరో ఇరవై ఏళ్లకు పొడిగించారు. కానీ కొత్త ఒప్పందంలో వచ్చే వాయువులో ఆ విలువైన భాగాలు ఉండవు, ఖతార్ వాటిని తనే తీసుకుంటుంది. అందుకే ఓఎన్‌జీసీ ఇప్పుడు ఓడలూ, ఈథేన్ సరఫరాదారులూ అంటూ పరుగు పెడుతోంది. ఈ పరుగు ప్లాంటుకు మొదటి ఇటుక పెట్టకముందే జరగాల్సింది.

ఆలస్యం మన దగ్గర కొత్త కాదు. అస్సాం ఒప్పందం నాటి ఆశ అయిన గ్యాస్ క్రాకర్ 2016లోగానీ దిబ్రూగఢ్ పక్కన లేపేట్‌కటాలో మొదలవలేదు, ఒప్పందం కుదిరింది 1985లో. రాజస్థాన్‌లోని పచ్‌పద్రా రిఫైనరీ, పెట్రోకెమికల్ ప్రాజెక్టుకు 2013లో ఒకసారి, 2018లో మరోసారి శంకుస్థాపన చేశారు. 43 వేల కోట్లు అనుకున్న ఖర్చు 72 వేల కోట్లు దాటింది. ధరలు బాగున్నప్పుడు నిర్ణయం తీసుకుని, ధరలు పడిపోయాక ప్లాంటు చేతికొస్తే వడ్డీలు ఎవరు కడతారు? ఈ పరిశ్రమలో మంచి రోజులు, చెడ్డ రోజులు వరసగా వచ్చిపోతుంటాయి. అందువల్ల సమయానికి కట్టడం అన్నది ఇక్కడ సామర్థ్యమంత ముఖ్యం.

ఇక నష్టాల భారాన్ని ఎవరి మీద వేస్తారన్నది మేం అన్నిటికన్నా గట్టిగా అడగదలచుకున్న ప్రశ్న. క్రాకర్లు పట్టుమని పదిహేను లేవు. వాటి సరకుతో పైపులు, డబ్బాలు, సంచులు, విడిభాగాలు చేసే యూనిట్లు వేల సంఖ్యలో ఉన్నాయి. వాటిలో అత్యధికం చిన్నవి. ఉద్యోగాల్లో ఎక్కువ భాగం అక్కడే ఉంది. పెద్ద ప్లాంట్లకు ధర గిట్టనప్పుడల్లా దిగుమతులను అడ్డుకోండని అర్జీ వస్తుంది. పాలిమర్లపై, అంటే ప్లాస్టిక్ ముడిసరకుపై, 2025 నాటికే 7.5 శాతం కస్టమ్స్ సుంకం ఉండేది. దానికి తోడు భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ముద్ర తప్పనిసరి చేస్తూ నాణ్యతా నియంత్రణ ఉత్తర్వులు వచ్చాయి. కొన్ని అమలయ్యాయి, కొన్ని పదే పదే వాయిదాపడ్డాయి. నాణ్యత కావాలి, అందులో రెండో మాట లేదు. కానీ విదేశీ ఫ్యాక్టరీకి లైసెన్సు దొరకడం ఆలస్యమైతే ఇక్కడ చిన్న యూనిట్‌కు మిగిలేది ఒకరిద్దరు అమ్మకందారులు, వాళ్లు చెప్పిన రేటు. అదే పాలిస్టర్ గుడ్డ చైనాలోనో బంగ్లాదేశ్‌లోనో చవగ్గా తయారై మనకే దిగుమతి అయితే, మనం కాపాడింది ఎవరిని? 2025 నవంబరులో కేంద్రం ఈ రంగానికి చెందిన 14 ఉత్తర్వులను ఉపసంహరించుకోవడాన్ని మేం స్వాగతిస్తున్నాం. నిజంగా ఎవరైనా ఖర్చుకన్నా తక్కువకు సరకు కుమ్మరిస్తుంటే విచారణ జరిపి యాంటీ డంపింగ్ సుంకం వేసే మార్గం ఎటూ ఉంది. దాన్ని వాడండి. ప్రతి దిగుమతినీ డంపింగ్ అనకండి.

చిన్న యూనిట్లను బలపరిస్తేనే పెద్ద ప్లాంట్లకూ భవిష్యత్తు. మామూలు రకం పాలిఇథిలీన్, పాలిప్రొపిలీన్ ఎవరైనా చేయగలరు, చవగ్గా చేసేవాళ్లు మనకన్నా ముందున్నారు. వైద్య పరికరాలకు, ఎలక్ట్రానిక్స్‌కు, సౌర ఫలకాలకు వాడే ప్రత్యేక రకాలను మనం ఇప్పటికీ బయటి నుంచే ఎక్కువగా తెచ్చుకుంటున్నాం. కొత్త సముదాయాల ప్రణాళికల్లో వాటికి చోటెంత అన్నది ముందే తేలాలి. ప్లాంటు పక్కనే చిన్న యూనిట్లకు స్థలం, పైపు ద్వారా ముడిసరకు, ప్లాస్టిక్ సాంకేతికత నేర్పే సీపెట్ లాంటి సంస్థల శిక్షణ కూడా ఉండాలి. లేకుంటే క్రాకర్ ఇక్కడ, పొగ ఇక్కడ, ఉద్యోగాలు మాత్రం ఇంకెక్కడో అవుతాయి.

పొగ మాట వచ్చింది కాబట్టి భద్రత గురించీ చెప్పాలి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఆర్ఆర్ వెంకటాపురంలో, ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరిన్ వాయువు లీకై, దాన్ని పీల్చి 12 మంది ప్రాణాలు పోయాయి. మూతపడిన ప్లాంటును లాక్‌డౌన్ తర్వాత మళ్లీ తెరిచే వేళ ట్యాంకులో ఉష్ణోగ్రతను పట్టించుకోకపోవడం వల్ల జరిగిన ఘోరమది. ఇళ్లకూ ట్యాంకులకూ మధ్య దూరం, సైరన్లు, ఖాళీ చేయించే ఏర్పాట్లు ఖర్చు కింద రాసుకుని తగ్గించుకునే విషయాలు కావు.

వ్యర్థాల మాట మార్కెట్‌కు సంబంధం లేనిదని చాలామంది అనుకుంటారు. అది ఇప్పుడు నేరుగా మార్కెట్ లెక్కే. 2022 నాటి నిబంధనల ప్రకారం గట్టి ప్లాస్టిక్ ప్యాకేజింగ్‌లో 2025-26 నుంచి 30 శాతం రీసైకిల్ చేసిన సరకు ఉండాలి, 2028-29 నాటికి అది 60 శాతం కావాలి. అంటే ఆ మేరకు కొత్త పాలిమర్‌కు గిరాకీ తగ్గుతుంది. నిబంధనలు గట్టిగా అమలు చేస్తామంటూనే, అవి అమలు కావన్నట్టు క్రాకర్ల సామర్థ్యం లెక్కగట్టడం కుదరదు.

రామాయపట్నం దగ్గర ఈ ప్రశ్నలన్నీ ఒకచోట చేరతాయి. కొత్త రాష్ట్రంలో రిఫైనరీ, పెట్రోకెమికల్ సముదాయం సాధ్యమో కాదో ఆరు నెలల్లో పరిశీలించాలని 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూలులో రాశారు. కాకినాడ క్రాకర్ గురించి ఏళ్ల తరబడి విన్నాం, లెక్కలు గిట్టక అది కాగితాలు దాటలేదు. ఇప్పుడు తీరం వెంట వేల ఎకరాలు సేకరిస్తున్నారు. భూమి ఇచ్చే రైతులు తమ పిల్లలకు అక్కడ పని దొరుకుతుందన్న నమ్మకంతో ఇస్తున్నారు. అందుకే తుది పెట్టుబడి నిర్ణయానికి ముందే బీపీసీఎల్, రాష్ట్ర ప్రభుత్వం కొన్ని విషయాలు జనం ముందు పెట్టాలి. క్రాకర్ నాఫ్తాతో నడుస్తుందా, ఈథేన్‌తోనా, లేక రెండింటితోనా? ఆ సరకు ఎవరి దగ్గర నుంచి, ఎన్నేళ్ల ఒప్పందంతో వస్తుంది? ఇథిలీన్ ధర ఇప్పటిలాగే ఐదేళ్లు పడి ఉన్నా అప్పు తీరుతుందా? రాష్ట్రం ఇచ్చే రాయితీలెంత, వాటికి బదులుగా చిన్న యూనిట్లకు దక్కేది ఎంత? ఈ నాలుగింటికీ రాతపూర్వకంగా జవాబులు వచ్చాకే తుది నిర్ణయం మీద సంతకం పెట్టాలని మేం కోరుతున్నాం.