జీరో మెయింటెనెన్స్ మహాత్మ్యం

మొక్క కుండీకి తగిలించే చిన్న ప్లాస్టిక్ చీటీ మీద ఈమధ్య ఒక మాట తెగ కనిపిస్తోంది. "తక్కువ మెయింటెనెన్స్. నాటండి, మరిచిపోండి." మొదటి ముక్కతో నాకు పెద్దగా పేచీ లేదు. రెండో ముక్క రాసిన మహానుభావుడెవరో గానీ, ఆయన ఒక్కసారైనా గొంతుక్కూర్చుని కలుపు తీసి ఉంటే నాకీ వ్యాసం రాసే పని తప్పేది.

నేల మీద పాకే తీగల గురించే చెబుతున్నాను. గ్రౌండ్ కవర్ అంటారు. గడ్డి లాన్ బోలెడు నీళ్ళు తాగుతుంది, ఊరుకుంటే ఏపుగా పెరిగి కోయమని కూర్చుంటుంది. తీగ అలా కాదట. తనే పాకుతుంది, తనే వేళ్ళూనుతుంది, తనే పూస్తుంది. ఎండకి మట్టి మాడిపోకుండా నీడ పడుతుంది, వానకి కొట్టుకుపోకుండా పట్టుకుంటుంది. ఇవన్నీ నిజాలే. ఇంత నిజం కలిపితే తప్ప ఆ ఒక్క అబద్ధం అమ్ముడుపోదు మరి.

చీటీ మీద చోటు చాలక వదిలేసిన సంగతులు కొన్నున్నాయి. తీగ నాటే ముందు నేలంతా తవ్వాలి. తవ్వి తుంగ గడ్డలు ఏరాలి. ఏరాక నీళ్ళు పెట్టి, మిగిలిన కలుపు మొలిచేదాకా ఆగి, మళ్ళీ ఏరాలి. అప్పుడు జానెడు జానెడు ఎడంగా ముక్కలు గుచ్చి, వేళ్ళు పట్టేదాకా తడి ఆరకుండా చూడాలి. ముక్కకీ ముక్కకీ మధ్య ఖాళీ నేల ఉంటుంది కదా, అది మూసుకునేదాకా అక్కడ ముందు మొలిచేది మన మొక్క కాదు. నేల పూర్తిగా కప్పుకున్నాక వెలుతురు అందక కలుపు తగ్గుతుంది, ఒప్పుకుంటాను. అంటే "తక్కువ" అన్నది రెండో ఏడాది నుంచి కొంచెం కొంచెంగా నిజం అవుతుంది. కొనేవాడికి మాత్రం మొదటి రోజు నుంచే మరిచిపోమని చెబుతారు. ఎండా, నీరు నిలవని నేలా కావాల్సిన తీగని తీసుకెళ్ళి చెట్టు కింద చిత్తడిలో నాటి, కుళ్ళిపోయాక ఫొటోలు తీసి పంపే భక్తుల సంగతి వేరే. వాళ్ళు నిజంగానే మరిచిపోయినవాళ్ళు.

ఇప్పుడొక దృశ్యం. ఇంటాయన అతిథిని వరండాలోకి తీసుకొచ్చి, జయించిన రాజ్యం చూపిస్తున్నంత ఠీవిగా చెయ్యి చాపుతాడు. ఎదురుగా అంతా ఆకుపచ్చ, మధ్యమధ్య పసుపు పూలు.

"అసలేమీ చెయ్యక్కర్లేదండీ. నాటి వదిలేశామంతే."

"చాలా బాగుందండీ. మరి అక్కడ వంగుని ఉన్నాయన ఎవరు?"

"ఆయనా? కలుపు తీస్తున్నాడు. వారానికి రెండుసార్లు వస్తాడు."

"ఆ పక్కన కత్తెర పట్టుకుని ఇంకొకాయన..."

"అంచులు కత్తిరించకపోతే దారి మీదికి వచ్చేస్తుందండీ. చెప్పాను కదా, దానంతటదే పాకుతుంది."

అతిథి తల ఊపి, కాళ్ళు కడుక్కోవడానికి కుళాయి ఎక్కడని అడుగుతాడు. ఇంటాయన మొహంలో మొదటిసారి కాస్త టెన్షన్. కుళాయి ఉండాలి, నిరుడు ఆ మూల ఉండేది. ఇద్దరూ వంగి ఆకులు పక్కకి తోస్తూ వెతుకుతారు. ముందు పిల్లవాడి చెప్పు దొరుకుతుంది, ఒక్కటే. తర్వాత నీళ్ళ మీటరు మూత దొరుకుతుంది. "ఇదిక్కడుందా!" అని ఇంటాయన నిజంగా సంతోషిస్తాడు. ఆ తర్వాత ఒక ఇటుక, దాని పక్కన ఇంకో ఇటుక. అది ఒకప్పటి పూలమడి గట్టు. అందులో గులాబీ మొక్కలుండేవని ఇంటాయనకి ఇప్పుడే గుర్తొస్తుంది. చివరికి కుళాయి కూడా బయటపడుతుంది, మెడకి రెండు చుట్లు తీగతో. తిప్పితే తిరగదు. అతిథి మర్యాదస్తుడు కాబట్టి దుమ్ము కాళ్ళతోనే నిలబడి, "నిజమేనండీ, మెయింటెనెన్స్ ఏమీ లేదు" అంటాడు. "మీకూ నాలుగు కొమ్మలు ఇప్పించనా?" అంటాడు ఇంటాయన. ఇంకో పెరడు చేజారింది.

ఆ వంగుని ఉన్నాయన ఏం చేస్తున్నాడో దగ్గరికెళ్ళి చూసినవాళ్ళు తక్కువ. ఎడమచేత్తో ఆకుల్ని పాయ తీస్తాడు. కుడిచేతి మూడువేళ్ళతో తుంగని మొదట్లో పట్టుకుని, మెల్లగా, నిటారుగా లాగుతాడు. తొందరపడితే పుటుక్కుమని తెగుతుంది. తెగితే గడ్డ లోపలే ఉండిపోయి, కొన్నాళ్ళకి మళ్ళీ సూదిలాంటి మొలక లేస్తుంది. ఒక గడ్డ వెనక ఇంకో గడ్డ, సన్నటి తీగలాంటి కాడతో కలిపి ఉంటాయి. లాన్ మీదైతే మిషన్ తోసుకుంటూ పోవచ్చు, ఇక్కడ ఆ సుఖం లేదు. కలుపు మందు కొడదామంటే, వెడల్పాకు కలుపుని చంపే మందు వెడల్పాకు తీగని మాత్రం ముద్దు చేస్తుందా? కాబట్టి కళ్ళతో వెతికి, వేళ్ళతో ఏరాలి. పొద్దున్నించీ అదే పని.

ఈ పనిని మీరు ఏ ఖాతాలో రాస్తున్నారు? ఆయన మోకాళ్ళు మెయింటెనెన్స్ కాదా? ఆయన నడుం కాదా? ఇంటాయన వంగలేదు కాబట్టి ఎవరూ వంగనట్టేనా? మనిషి కళ్ళెదుట ఎండలో కూర్చుని ఒక్కో గడ్డా పీకుతుంటే, ఆయన్ని దాటుకుంటూ వెళ్ళి "ఏమీ చెయ్యక్కర్లేదు" అని చెప్పడానికి సిగ్గుండాలి. పని తప్పలేదు, మీ చేతికి తప్పిందంతే. ఆ మాట నోరు తెరిచి చెప్పండి, ఆయన కూలి దగ్గర బేరమాడేటప్పుడు కూడా గుర్తుంచుకోండి.

ఇక కత్తిరించిన తీగల సంగతి. చాలా ఇళ్ళలో ఆ పసుపు పూల తీగ వెడేలియా. ఆకుకి మూడు కోణాలుంటాయి. మెక్సికో, కరీబియన్, మధ్య అమెరికా, దక్షిణ అమెరికా ఉష్ణప్రాంతాలు దాని పుట్టిల్లు. అది విత్తనాన్ని పెద్దగా నమ్ముకోదు, కణుపుని నమ్ముకుంటుంది. ప్రతి కణుపు దగ్గరా వేళ్ళు దిగుతాయి, కణుపున్న ప్రతి ముక్కా ఒక కొత్త మొక్కే. అలాంటిదాన్ని గంపలకొద్దీ కత్తిరించి ఏం చేస్తారు? చీకటి పడ్డాక కాలవ గట్టు మీద పారబోస్తారు. ఇక్కడితో మీ బాధ్యత తీరింది, దాని పని మొదలైంది. గట్టంతా దుప్పటి కప్పుకుంటుంది. దాని కింద అంతకుముందు బతికిన చిన్నాచితకా మొక్కలకి వెలుతురుండదు. నీళ్ళలో పడ్డ ముక్క ఏ ఒడ్డుకి తగిలితే ఆ ఒడ్డు దానిదే. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘానికి చెందిన నిపుణులు 2000లో ప్రపంచాన్ని పీడించే వంద చొరబాటు జీవుల జాబితా వేస్తే, అందులో చెరువులు మింగే గుర్రపుడెక్క పక్కన ఈ వెడేలియా కూడా ఉంది. ఇంటాయన నాలుగు కొమ్మలు ఇప్పించబోయింది దాన్నే.

ఆ జాబితాలోనే కుడ్జు అనే తీగ ఉంది. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో జపాన్ నుంచి వచ్చిన అందమైన మొక్కగా అమెరికావాళ్ళకి పరిచయమైంది. 1930ల్లో మట్టి కోత ఆపుతుందని ప్రభుత్వమే రైతులకి డబ్బిచ్చి మరీ నాటించింది. 1953 నాటికి అదే ప్రభుత్వం దాన్ని నేల కప్పే మొక్కల సిఫార్సుల్లోంచి తీసేసింది. కాగితం మీద తీసేశారు, నేల మీద అది ఇంకా ఉంది. వాళ్ళూ నాటి మరిచిపోయినవాళ్ళే పాపం, కాకపోతే సర్కారు లెవెల్లో.

"అయితే అంతా సిమెంటు చేయించమంటారా?" అని కోప్పడే పాఠకులు ఉంటారని తెలుసు. వద్దు. పింటో అని వేరుశనగ చుట్టం ఒకటుంది, బ్రెజిల్‌ది. దానివీ పసుపు పూలే, పొట్టిగా దట్టంగా అల్లుకుంటుంది, వేళ్ళలో చేరే బ్యాక్టీరియా పుణ్యమా అని గాలిలో నత్రజనిని తనే సంపాదించుకుంటుంది. అదీ పాకుతుంది, దానికీ అంచు కత్తిరించాలి, మొదటి ఏడాది దాని మధ్యా తుంగ లేస్తుంది. మోకాళ్ళ కింద గోనెసంచి మడిచి వేసుకుని, ఒక్క ఆదివారమైనా మీరే కూర్చుని తీయండి. కత్తిరించిన తీగల్ని గచ్చు మీద పల్చగా పరిచి, మట్టి తగలకుండా, కణుపు విరిస్తే పటుక్కున విరిగేదాకా ఎండబెట్టండి. కాలవ వైపు మాత్రం ఆ గంప పట్టుకుని వెళ్ళకండి.