రేషన్ దుకాణంలో జొన్నకు చోటేది?

హైదరాబాద్‌లో ఏ సూపర్‌మార్కెట్‌లోకి అడుగుపెట్టినా చిరుధాన్యాలకు ఇప్పుడో ప్రత్యేక అర కనిపిస్తుంది. కొర్రలు, సామలు, అరికెలు, జొన్న అటుకులు, రాగి బిస్కట్లు రంగురంగుల పొట్లాల్లో బియ్యాన్ని మించిన ధరకు అమ్ముడవుతున్నాయి. షుగరు వచ్చినవాళ్లూ కొంటున్నారు, రాకుండా చూసుకోవాలనుకునేవాళ్లూ కొంటున్నారు. మంచిదే. కానీ ఈ గింజలను తరతరాలుగా పండించుకుని, తిని, విత్తనం అంతరించకుండా కాపాడుకొచ్చిన పల్లెల్లో రేషన్ దుకాణం ముందు నిలబడితే సంచీలో పడేది బియ్యమే. జొన్నలు కావాలని అడిగినా ఇచ్చే ఏర్పాటు లేదు. ఈ అన్యాయాన్ని నలభై ఏళ్ల కిందటే పసిగట్టి, దానికి విరుగుడు ఎలా ఉంటుందో చేసి చూపించిన మనిషి పి.వి. సతీశ్. ఆయన చూపిన దారిలో ప్రభుత్వాలు నడిచింది మాత్రం చాలా తక్కువ.

1945లో మైసూరులో పుట్టిన సతీశ్ వృత్తిరీత్యా పాత్రికేయుడు, దూరదర్శన్ నిర్మాత. 1975లో ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు ఉపగ్రహం ద్వారా టీవీ కార్యక్రమాలు చేర్చిన ‘సైట్’ ప్రయోగంలో పనిచేశారు. పల్లెకు కబుర్లు చెప్పే ఉద్యోగం చేసిన ఆయన, పల్లె చెప్పేది వినాలని మెదక్ జిల్లా బాట పట్టారు. 1983లో మిత్రులతో కలిసి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని స్థాపించారు. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ దాని కేంద్రమైంది. చుట్టుపక్కల దాదాపు 75 గ్రామాల్లో ఐదు వేల మంది మహిళలు సంఘాలుగా ఏర్పడ్డారు. వారిలో అత్యధికులు దళితులు, ఎకరం రెండెకరాల చెలక, అంటే వానకే పండే మెట్ట నేల ఉన్నవాళ్లు.

సతీశ్‌ను చాలామంది ఉద్యమకారుడిగానే గుర్తుపెట్టుకున్నారు. మా దృష్టిలో ఆయన అంతకు మించి గట్టి నిర్వాహకుడు. పెట్టుబడి ఎక్కడి నుంచి వస్తుంది, పండిన గింజ ఎక్కడ దాస్తాం, ఎవరికి ఏ ధరకు ఇస్తాం, వచ్చిన డబ్బు మళ్లీ పొలంలోకి ఎలా చేరుతుంది అన్న లెక్కలు తేలకుండా ఆయన ఏ పనీ మొదలుపెట్టలేదు. పర్యావరణం పేరు చెప్పి వ్యాపారాలు పెడుతున్న నేటి యువత ఆయన నుంచి నేర్చుకోవాల్సింది ఈ లెక్కనే.

1990ల మధ్యలో సంఘాలు నడిపిన ధాన్యనిధిని కాస్త దగ్గరగా చూడాలి. ప్రభుత్వం పేదలకు పంచిన భూములు చాలావరకు రాళ్లూ రప్పలూ నిండిన చెలకలు. దున్నించడానికి, ఎరువు తోలడానికి చేతిలో డబ్బు లేక అవి పడావు పడ్డాయి. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సాయంతో సంఘాలు ఆ భూముల యజమానులకు అప్పు ఇచ్చాయి. తిరిగి చెల్లించాల్సింది రూపాయల్లో కాదు, ఐదేళ్ల పాటు జొన్నల్లో. అలా వచ్చిన గింజను ఏ పట్టణపు గోదాముకో తరలించకుండా ఆ ఊళ్లోనే నిల్వ చేశారు. పనీ గింజా రెండూ కరువయ్యే వానాకాలం మొదట్లో పేద ఇళ్లకు చౌకగా అమ్మారు. అమ్మగా వచ్చిన డబ్బు ఊరి నిధిగా నిలిచి మళ్లీ సాగుకే వెళ్లింది.

ఊళ్లో ఎవరు పేదలో తేల్చింది కూడా మండలాఫీసు కాదు. ఆడవాళ్లు నేల మీద రంగులతో ఊరి పటం గీసి, ఇల్లిల్లూ గుర్తుపెట్టి, ఎవరింట్లో గింజలెన్నాళ్లు వస్తాయో, ఎవరు పిల్లల్ని పనికి పంపుతున్నారో అందరి ముందూ చర్చించుకుని నిర్ణయించారు. పక్కింటివాళ్ల ఎదుట అబద్ధం చెప్పి కార్డు సంపాదించడం కుదరదు. పడావు భూమి సాగులోకి రావడంతో కూలి పని దొరికింది. జొన్నతో పాటు చొప్ప వచ్చింది, చొప్పతో పశువులు నిలిచాయి, పశువులతో ఎరువు వచ్చింది. ఒక రేషన్ పథకం ఇన్ని పనులు ఒక్కసారిగా చేసిన దాఖలా దేశంలో మరెక్కడైనా ఉంటే అరుదే.

1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం ఎన్నో ఇళ్లను ఆకలి నుంచి కాపాడింది. దాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. అయితే అదే బియ్యం జొన్న తినే నేలలో మరో మార్పు తెచ్చింది. చౌకగా బియ్యం దొరికేసరికి జొన్న గటక తాగే ఇంట్లోనూ అన్నమే వండారు. జొన్నకు గిరాకీ పడిపోయింది, చెలక పడావు పడింది, బోరు వేయగలిగినవాడు వరి వైపు, చెరకు వైపు వెళ్లాడు. 1970 ప్రాంతంలో దేశవ్యాప్తంగా కోటీ 70 లక్షల హెక్టార్లలో సాగైన జొన్న ఇప్పుడు 40 లక్షల హెక్టార్ల దరిదాపులకు కుంచించుకుపోయింది. ప్రజలకు రుచి మారిపోయిందని అధికారులు అంటుంటారు. ఒక గింజను కిలో రెండు రూపాయలకు ఇచ్చి, మరో గింజను పట్టించుకోకుండా వదిలేశాక, మారింది రుచేనని ఎలా చెప్పగలం?

పస్తాపూర్ పరిసరాల్లో యాసంగి జొన్న చేను చూసినవాళ్లకు ఇక్కడ ఏం పోగొట్టుకుంటున్నామో అర్థమవుతుంది. వాన ఉండదు, బోరు ఉండదు. నల్లరేగడి పట్టి ఉంచిన తేమ, తెల్లవారుజామున కురిసే మంచు, అంతే. వానాకాలం చెలకలోనైతే ఒకే ఎకరంలో జొన్న, కంది, కొర్ర, సామ, పెసర, మినుము, బొబ్బర, అనుము, పుంటికూర కలిసి పెరుగుతాయి. యాసంగి చేను గట్ల వెంబడి కుసుమలు వేస్తారు, ముళ్లుంటాయి కాబట్టి పశువు లోపలికి రాదు. సాళ్ల మధ్య ఎవరూ విత్తకుండా మొలిచే దొగ్గలికూర, జొన్నచెంచలి, తుమ్మికూర ఆ పూట కూరవుతాయి. కలుపు మందు కొట్టిన చేనులో ఈ కూరలుండవు. ఏదో ఒక పంట పోయినా మరొకటి చేతికొస్తుంది కాబట్టి ఆ ఇల్లు అప్పుల పాలు కాదు. బీమా కంపెనీలు ఇవ్వలేకపోయిన ధీమా ఇది.

విత్తనం సంగతీ అంతే. మట్టి, పేడ కలిపి అలికిన బుట్టల్లో బూడిద, వేపాకు వేసి గింజను దాచుకుంటారు. పక్క ఊరి మహిళ వచ్చి అడిగితే డబ్బు తీసుకోరు. పంట వచ్చాక తీసుకున్నదానికి రెట్టింపు తెచ్చివ్వాలి. ఏటా సంక్రాంతి నుంచి దాదాపు నెల రోజులు ఈ విత్తనాలను అలంకరించిన ఎడ్ల బండ్ల మీద ఊరూరా ఊరేగించే పాత పంటల జాతర సతీశ్ కాలంలో మొదలై ఇప్పటికీ సాగుతోంది. మంత్రులు వచ్చినా రాకున్నా ఆ బండ్లు కదులుతాయి.

ఆయన మీడియా మనిషి కావడం మరో మేలు చేసింది. బడి మెట్లెక్కని మహిళలు కెమెరా పట్టి తమ పొలాల గురించి తామే చిత్రాలు తీశారు. మాచ్నూరులో యునెస్కో సాయంతో 1998లోనే స్టూడియో సిద్ధమైంది. కానీ ప్రసారానికి అనుమతి రావడానికి పదేళ్లు పట్టింది. ఆ పదేళ్లూ వాళ్లు కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్లు సంఘాల్లో వినిపిస్తూ పని ఆపలేదు. చివరకు 2008 అక్టోబర్ 15న సంగం రేడియో 90.4 మెగాహెర్ట్జ్ మీద గొంతు విప్పింది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో తీర్పు చెప్పిన జస్టిస్ పి.బి. సావంత్ దాన్ని ప్రారంభించడం ఎంతో సముచితం.

సతీశ్ ప్రతి పోరాటమూ గెలవలేదు. జన్యుమార్పిడి విత్తనాల మీద ఆయన రాజీలేని వైఖరి చాలామంది శాస్త్రవేత్తలకు నచ్చలేదు. వరంగల్ జిల్లాలో జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తి రైతుల నష్టాలపై సొసైటీ చేసిన అధ్యయనాలు పెద్ద చర్చకు దారితీశాయి. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు బీటీ రకాలకు అనుమతి కొనసాగలేదు కూడా. అయినా తర్వాత దేశంలో పత్తి చేలన్నీ దాదాపు బీటీమయమయ్యాయి. 75 గ్రామాల ప్రయోగాన్ని రాష్ట్రమంతా విస్తరించలేకపోయారన్న విమర్శ కూడా ఉంది. కానీ విస్తరించడం ఒక స్వచ్ఛంద సంస్థ బాధ్యత ఎలా అవుతుంది? పని చేసే నమూనా చూపించాక మిగతాది ప్రభుత్వం చేయాలి.

ఢిల్లీలో ఆయన గెలిచిన చోటు ఒకటుంది. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టంలో బియ్యం, గోధుమలతో పాటు జొన్న, రాగి వంటి ముతక ధాన్యాలను కూడా, అవి కిలో రూపాయికే, ఇవ్వాలని రాశారంటే, మిల్లెట్ నెట్‌వర్క్ ఆఫ్ ఇండియా పేరుతో సతీశ్, ఆయన సహచరులు ఏళ్ల తరబడి చేసిన ఒత్తిడికి అందులో వాటా ఉంది. 2019లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. ప్రపంచం చిరుధాన్యాల సంవత్సరం జరుపుకొంటున్న 2023లో, ఢిల్లీలో ప్రధానమంత్రి అంతర్జాతీయ చిరుధాన్యాల సదస్సును ప్రారంభించిన మరునాడే, మార్చి 19న సతీశ్ 77 ఏళ్ల వయసులో కన్నుమూశారు. తర్వాత చిరుధాన్యాలకు కేంద్రం పెట్టిన శ్రీఅన్న పేరు మారుమోగింది, ఎగుమతుల మాట వచ్చింది, అంకుర సంస్థలకు ప్రోత్సాహకాలు వచ్చాయి. ఆయన అడిగిన రేషన్ జొన్న మాత్రం తెలంగాణలో రాలేదు.

కర్ణాటక తన రేషన్‌లో దక్షిణాన రాగులు, ఉత్తరాన జొన్నలు చేర్చింది. ఒడిశా 2017లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టి, గిరిజన రైతుల నుంచి రాగులు కొని, అంగన్‌వాడీ పిల్లలకు లడ్డూలుగా ఇస్తోంది. ఆంధ్రప్రదేశ్ రాయలసీమలో బియ్యానికి బదులు కొంత రాగులు ఇచ్చే ప్రయత్నం చేసింది. తెలంగాణ 2025 ఉగాదికి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం పథకం తెచ్చి, సన్నవడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఇస్తోంది. పేదలూ మంచి బియ్యం తినాలన్న ఆలోచనను మేం మనస్ఫూర్తిగా స్వాగతించాం. ఆ ఔదార్యంలో పదో వంతు జొన్న వైపు ఎందుకు మళ్లదన్నదే మా ప్రశ్న. 2025-26లో హైబ్రిడ్ జొన్నకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 3,699 రూపాయలు, సాధారణ వడ్లకు 2,369. కాగితం మీద జొన్నే మేలు. కానీ కొనుగోలు కేంద్రం ఎప్పుడు తెరుస్తారో, ఎకరానికి ఎన్ని క్వింటాళ్లు కొంటారో విత్తే నాటికి రైతుకు తెలియదు. చేతికందుతుందో లేదో తెలియని ధరను నమ్మి ఎవరు మాత్రం వరి వదులుతారు?

నిల్వ ఉండదన్న సాకు కూడా ఇక చెల్లదు. ప్రభుత్వం కొన్న గింజను పంచేయాల్సిన గడువును జొన్నలకు 9 నెలలకు, రాగులకు 10 నెలలకు కేంద్రమే 2021లో పెంచింది. పైగా దూరపు గోదాముల్లో మూలగకుండా పండిన మండలంలోనే పంచితే అంత గడువూ అక్కర్లేదని పస్తాపూర్ సంఘాలు ఎప్పుడో నిరూపించాయి.

ఈలోగా ఆ నేలకే ముప్పు ముంచుకొస్తోంది. ఝరాసంగం, న్యాల్‌కల్ మండలాల్లో 12,635 ఎకరాల్లో జాతీయ పెట్టుబడులు, తయారీ మండలి (నిమ్జ్) అనే పారిశ్రామిక ప్రాంతం కోసం భూసేకరణ ఏళ్లుగా సాగుతోంది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం జహీరాబాద్‌ను పారిశ్రామిక స్మార్ట్ సిటీల జాబితాలో చేర్చింది. పరిశ్రమలు రావద్దని ఎవరూ అనరు. బోరు లేకుండా మంచుకే పండే నల్లరేగడిని బీడు భూమి కింద జమకట్టి తీసుకోవడం తప్పు. మిగిలిన సేకరణకు ముందు ఆ పొలాల్లో ఏయే పంటలు, ఏయే విత్తనాలు బతుకుతున్నాయో సంఘాల మహిళలతో కలిసి లెక్కగట్టి, ఆ జాబితాను గ్రామసభల ముందు పెట్టాలి.

రేషన్ విషయంలో ప్రభుత్వం జహీరాబాద్ ప్రాంతంతోనే మొదలుపెట్టవచ్చు. ఆరు కిలోల్లో రెండు కిలోలు జొన్న కోరుకునే హక్కు కార్డుదారుకు ఇవ్వాలి. ఆ జొన్నను అదే మండలంలోని మహిళా సంఘాల నుంచి మద్దతు ధరకు కొనాలి. వాళ్ల చేతుల్లోనే నిల్వ ఉంచి, అంగన్‌వాడీలకూ, వసతిగృహాలకూ అక్కడి నుంచే పంపాలి. ఎంత కొంటారో, ఎప్పుడు కొంటారో యాసంగి విత్తనాలు పడకముందే ప్రకటించాలి.